మాత్ర మానేసే ముందు

పి.గన్నవరం

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన బీపీ అంకెలు రాసుకున్నాను. పొద్దున్న 126, సాయంత్రం 168, మర్నాడు మళ్లీ మామూలు. దడ, చేతుల్లో వణుకు. థైరాయిడ్ మాత్ర మొదలెట్టాకే ఇదంతా అని ఎవరో అంటే వేసుకోవడమే మానేశానన్నావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నీ అనుమానాన్ని కొట్టిపారెయ్యను. లెవోథైరాక్సిన్ ఒంటికి కావలసినదానికంటే ఎక్కువైతే గుండె పరుగెడుతుంది, చెమటలు పోస్తాయి, పై బీపీ పెరుగుతుంది. కానీ థైరాయిడ్ తక్కువైనప్పుడూ రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, ముఖ్యంగా కింది అంకె. మందు ఎక్కువైనా బీపీయే, చాలకపోయినా బీపీయే. నీది ఏదో తేల్చేది టీఎస్‌హెచ్ పరీక్ష. మోతాదు ఎక్కువైతే ఆ అంకె పడిపోతుంది, చాలకపోతే పెరుగుతుంది. నీ భయానికీ, పక్కింటివాళ్ల అనుభవానికీ అది తెలీదు.

మానేసిన రెండో రోజుకే దడ తగ్గిందన్నావు. దాన్ని రుజువనుకోకు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కాలువలు కట్టేసిన మర్నాడే మన చేలు ఎండిపోవు గదా! మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించేది అందుకే.

ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ బాధపెట్టింది రోగుల దాపరికం. మానేసిన సంగతి ఈవేళే డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పు. మళ్లీ ఎంత వేసుకోవాలో వారినే అడుగు. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకునే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, అదీ చెప్పు. కొన్ని జలుబు మాత్రలూ, గొంతుకని నమిలే అతిమధురమూ అంతే. జుట్టుకని మింగే బయోటిన్ అయితే థైరాయిడ్ రిపోర్టునే తారుమారు చేస్తుంది. తిడతారని భయపడకు తల్లీ. తిట్లు పడినా పరవాలేదు, సగం నిజం మీద వైద్యం జరగకూడదు.

ఇక్కడికొచ్చేటప్పుడు మాత్రల సీసా కూడా తెచ్చుకో. దాని మీది మైక్రోగ్రాముల అంకె చీటీలో రాసినదేనా అని చూడాలి. 25 బదులు 75 చేతికొస్తే దడ రాక ఏమవుతుంది? ఒకరోజు కాఫీతో, ఒకరోజు క్యాల్షియంతో మింగితే మందు రోజుకోలా ఒంటపడుతుంది. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. క్యాల్షియానికీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

బీపీ కూడా వంటింట్లోంచి పరుగున వచ్చి చూసుకోకు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చో. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయి. ఎక్కువొచ్చింది రాసి తక్కువొచ్చింది వదిలేయడమూ దాపరికమే.

బీపీ 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో, చెయ్యో కాలో పట్టు తప్పడమో ఉంటే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, 108 పిలిపించు.

అలాంటిదేమీ లేకపోతే ఆదివారం మా గన్నవరం అక్విడెక్టు దాటి ఇటొచ్చెయ్. సోమవారం పొద్దున్నే పరీక్షకి రక్తమిచ్చి, రిపోర్టు తీసుకుని అమలాపురం డాక్టరు గారి దగ్గరికి వెళదాం. నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త