సగం కుట్టిన బొంత

బడిలో పిల్లలకు మేము చెప్పే మొదటి నీతుల్లో ఒకటి ఇది: "మొదలుపెట్టిన పని పూర్తి చేశాకే ఇంకో పని ముట్టుకోవాలి." నల్లబల్ల మీద రాసి చదివిస్తాం. కాపీ పుస్తకంలో పదిసార్లు రాయిస్తాం. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే మా ఇంట్లోనే ఆ నీతి నిలబడదు. చూరుకు వేలాడే సంచిలో పురిటి బిడ్డ కోసం మొదలుపెట్టిన చిన్న బొంత ఉంటుంది. మేకుకు తగిలించిన రవికకు ఒక చేతి మీద గొలుసుకుట్టు పూర్తయి ఉంటుంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది. ప్రదర్శనకు పంపాల్సిన టేబుల్ గుడ్డ మడతపెట్టి అలమరలో ఉంటుంది. చిరిగిన యూనిఫాం నిక్కర్లు రెండు మంచం మీద ఉంటాయి. ట్రంకుపెట్టెలో పెద్ద బొంత ఉంటుంది. ఐదు పనులు. ఒక్కటీ పూర్తి కాలేదు.

ఇది తప్పా? మేము పిల్లలకు చెప్పే నీతి ప్రకారం తప్పే. కానీ మా అమ్మలూ అమ్మమ్మలూ ఒక్కనాడూ ఒకే పని చేతిలో పెట్టుకుని బతకలేదు. వాళ్లంతా తప్పు చేశారని చెప్పడానికి మాకు నోరు రాదు. అందుకే ఈ ప్రశ్నను కాస్త నిదానంగా చూడాలనుకున్నాం.

సూదీ దారం సంగతి, ఆడవాళ్ల ఖాళీ వేళ పని, ఇందులో ఆలోచించేది ఏముంది అనేవాళ్లు ఉంటారు. కానీ ఆ ఐదు గుడ్డల వెనుక ఐదుగురు మనుషులు ఉన్నారు. ఒక గుడ్డను పక్కన పెట్టి ఇంకొకదాన్ని ఒడిలోకి తీసుకున్నామంటే, ఒకరిని ఆగమని ఇంకొకరిని ముందుకు రమ్మన్నట్టే. ఎవరిని ఆపాలి, ఎవరిని పిలవాలి అన్నది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. మేము దాన్ని న్యాయంగా చూడలేదు. అది మాకు తెలిసి వచ్చిన తీరే ఇక్కడ చెబుతున్నాం.

మాది శబరి గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఒక కోయ గూడెం. 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చిన పోలవరం ముంపు మండలాల్లో ఉంది. ఇంట్లో మేము ఇద్దరం తోడికోడళ్లం. ఒకరు బడిలో పాఠం చెబుతారు, ఒకరు చేను చూస్తారు. కుట్టుపని ఇద్దరిదీ.

మా వైపు సంవత్సరం పని అడవితోనూ వానతోనూ నడుస్తుంది. ఎండలు ముదరగానే ఇప్పపూలు ఏరాలి. ఆ తర్వాత తునికాకు కోసి కట్టలు కట్టాలి. తొలకరి పడితే విత్తనాలు. ఈ పనుల మధ్య దొరికేవి ముక్కలు ముక్కల సమయాలే. ఒక్కో ముక్కలో ఒక్కో పనే ఇముడుతుంది. పొయ్యి మీద అన్నం ఉడికే పది నిమిషాల్లో నిక్కరు చిరుగు కుట్టగలం, పెద్ద బొంత పరచలేం. గొలుసుకుట్టుకు పగటి వెలుతురు కావాలి, దీపం కింద కుడితే వంకర పోతుంది. పెద్ద బొంతకు ఇల్లంతా ఊడ్చిన నేల కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఎండాకాలపు మధ్యాహ్నం కావాలి. అందుకే ఐదు పనులు చేతిలో ఉండటం బద్ధకం వల్ల కాదు, నిలకడ లేక కాదు. ఉన్న సమయం ఏదీ వృథా పోకుండా చూసుకోవడమే. ఇంతవరకు మేము మా అమ్మమ్మల పక్షమే.

బొంత ఎలా తయారవుతుందో ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. పాత నూలు చీరలు నాలుగైదు తీసుకుని ఒకదాని మీద ఒకటి ముడతలు లేకుండా పరుస్తాం. పాలిస్టర్ చీరలు జారిపోతాయి, వెచ్చదనం ఇవ్వవు. నాలుగు మూలలా బరువులు పెట్టి ముందు పొడుగు టాకాలు వేస్తాం. జానెడు జానెడు దూరంలో వేసే ఈ టాకాలతో పొరలన్నీ ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. ఆ తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి దగ్గర దగ్గరగా సన్నకుట్టు వేసుకుంటూ పోతాం. టాకాలకు ఒక పూట చాలు. సన్నకుట్టుకు నెలలు పడుతుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

2021 ఎండాకాలంలో మా పెద్దత్త ఒక మూట తెచ్చి మా ముందు పెట్టింది. అందులో ఆమె నూలు చీరలు నాలుగు, చనిపోయిన పెద్దమామ పంచెలు రెండు ఉన్నాయి. "పంచెలు లోపలి పొరలో పెట్టండి. పైకి కనబడక్కర్లేదు, నాకు తెలిస్తే చాలు" అంది. అదే వారం పరిచాం. టాకాలు వేశాం. సన్నకుట్టు నాలుగో వంతు దాకా వచ్చింది. అంతలో పక్కింటి పిల్ల పెళ్లి కుదిరి రవికలు వచ్చాయి. రవికలు కాగానే ప్రదర్శనకు టేబుల్ గుడ్డ కావాలన్నారు, బయానా కూడా ఇచ్చారు. ఆ తర్వాత మా ఆడపడుచు పురుడు. ప్రతిసారీ పెద్దత్త బొంతే ట్రంకుపెట్టెలోకి పోయింది. ఎందుకంటే పెళ్లికి ముహూర్తం ఉంది, ప్రదర్శనకు తేదీ ఉంది, పురుటికి నెల ఉంది. పెద్దత్తకు ఏ తేదీ లేదు. ఆమె అడగలేదు. అడగని మనిషికి తొందర లేదని మేము అనుకున్నాం. ఏడాది గడిచేసరికి బొంత సగమైంది.

2022 జూలైలో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ జూలై 16న 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత ఎత్తు మళ్లీ రావడం అదే. నీళ్లు గూడెంలోకి రాకముందే మెరకన ఉన్న ఒక బడికి వెళ్లిపోయాం. వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాం? రేషన్ కార్డులు, ఆధార్ కార్డులు, పట్టాలు, చదువు సర్టిఫికెట్లు, పసిబిడ్డ బట్టలు. టేబుల్ గుడ్డ కూడా తీసుకున్నాం, బయానా డబ్బు దాని మీద ఉంది కాబట్టి. పెద్ద బొంత పెట్టెలోనే ఉండిపోయింది. అది ఇంకా పూర్తి కాలేదు కదా అనుకున్నాం.

బడి వరండాలో పడకలు. రాత్రంతా వాన జల్లు, ఈదురుగాలి. మూడో రాత్రి పెద్దత్త పల్చటి దుప్పటి కింద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. నిద్ర పట్టక అడిగింది, "కోడలా, నా బొంత ఏదే?"

"ఇంకా పూర్తి కాలేదత్తా. ఇంట్లో పెట్టెలో ఉంది."

"సగమైతే అయింది కదా. నా కాళ్లకు సరిపోయేది."

అంతే అంది. కోపంగా అనలేదు. ఆ మాట మీద మేము ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాం.

అప్పటిదాకా మా తప్పు ఆలస్యమనే అనుకున్నాం. బొంత పూర్తి చేసి ఉంటే బాగుండేదని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. పెద్దత్త మాట వేరే తప్పును చూపింది. పూర్తి కానిది పనికిరాదని మేమే తీర్మానించి, ఆమె వస్తువును ఆమెకు అందకుండా పెట్టెలో దాచాం. టాకాలు పడిన రోజు నుంచే అది కప్పుకోవడానికి పనికొచ్చే బొంత. కుట్టు సగమే అయినా పొరలు నాలుగూ ఉన్నాయి, పంచెలు లోపల ఉన్నాయి. మేము ఎందుకు ఇవ్వలేదు? సగం కుట్టింది ఇస్తే ఎవరైనా చూసి నవ్వుతారని. మా చేతిపనికి పేరు పోతుందని. అంటే ఆమె చలి కంటే మా పేరు మాకు ముందు వచ్చింది.

పని ఎప్పుడు పూర్తయినట్టు? ఇది ఒక్కో జనం ఒక్కో విధంగా తేల్చుకున్న సంగతి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలు ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, అక్కడ షెడ్యూల్డ్ తెగ. వాళ్ల ఆడవాళ్లు పాతగుడ్డల ముక్కలతో కుట్టే బొంతను కవంది అంటారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. చివరికి నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డ పువ్వులు కుడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత బట్టలు లేని మనిషిలా ఉందంటారు. అది వాళ్ల ఆచారం, అందమైన ఆచారం. మా బొంతకు అలాంటి ఆఖరి గుర్తు లేదు. కప్పుకునే మనిషికి ఎంత చాలునో అదే దాని కొలత. ఆ కొలత చెప్పాల్సింది కుట్టేవాళ్లు కాదు, కప్పుకునేవాళ్లు. మేము పెద్దత్తను ఆ మాట అడగనే లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. డబ్బు వచ్చే పనిని ముందు పెట్టుకోవడం తప్పా? తప్పు కాదు. కర్ణాటకలోని సండూరులో లంబాణీ ఆడవాళ్ల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో హంపిలో జీ-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అద్దం, గవ్వ, దారంతో ఇల్లు నడపడం గౌరవమైన బతుకు. తేదీకి సరుకు అందించడం కూడా మాట నిలబెట్టుకోవడమే. బయానా తీసుకున్న గుడ్డను పక్కన పడేయమని మేము అనడం లేదు. తేదీ ఉన్న పని తనంతట తాను మనల్ని పిలుస్తుంది. తేదీ లేని పనిని మనమే గుర్తుపెట్టుకుని పిలవాలి. లేకపోతే అడగలేని వాళ్లందరూ, అంటే ముసలివాళ్లూ పసివాళ్లూ మొహమాటస్తులూ, ఎప్పుడూ వరుసలో చివరే మిగిలిపోతారు.

ఇంకో అభ్యంతరం మాకు మేమే చెప్పుకోవాలి. ఐదు పనులు ఒకేసారి నడిపే ఆడమనిషిని చూసి ఊళ్లో మెచ్చుకుంటారు, దానికి పది చేతులు అంటారు. ఆ మెచ్చుకోలు కింద ఒక అన్యాయం దాగి ఉంటుంది. ఇంట్లో ఆరు జతల చేతులు ఉంటే సూది రెండు జతల చేతుల్లోనే ఎందుకు ఉంది? వరద తర్వాత మా ఇంట్లో ఈ మాట తేలింది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఇప్పుడు బొంత పరిచేటప్పుడు అవతలి కొస పట్టుకుంటాడు, టాకాలు వేస్తాడు. తన నిక్కరు చిరుగు తానే కుట్టుకుంటాడు. మొదట్లో కుట్లు వంకరగా పోయేవి, పర్వాలేదు. ఎవరి పని ముందు అని తేల్చుకునే కష్టంలో కొంత, పని చేసే చేతులు తక్కువ కావడం వల్లనే వస్తుంది. చేతులు పెరిగితే ఆగాల్సిన మనుషులు తగ్గుతారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన గూడేల బడుల్లో ఐదు తరగతులకు ఒకే పంతులు ఉండటం చాలాచోట్ల చూస్తున్నదే. ఒకే గదిలో ఒకటో తరగతికి అక్షరాలు, మూడో తరగతికి ఎక్కాలు, ఐదో తరగతికి భిన్నాలు. ఇంట్లో ఐదు గుడ్డల లెక్కే ఇక్కడా. గురుకులం ప్రవేశ పరీక్ష రాసే పిల్లలకు తేదీ ఉంది, వాళ్ల ఫలితం పదిమందికీ కనబడుతుంది. వాళ్లే మన టేబుల్ గుడ్డ. ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు అక్షరం అర్థం కాక వెనక వరుసలో నోరు మూసుకుని కూర్చున్న పిల్లకు తేదీ లేదు. ఆ పిల్ల అడగదు. ఇన్‌స్పెక్షన్ రోజున ఆ పిల్లను మనం ముందు కూర్చోబెట్టం. ఇంకా చదవడం రాలేదు కదా అంటాం. పెద్దత్త బొంతను పెట్టెలో పెట్టినట్టే ఇదీ. మేమూ ఇలా చేశాం, అందుకే చెబుతున్నాం. ముందు గదిలో ఉన్న అందరికీ టాకాలు పడాలి. రోజులో ఒక్క మాటైనా, ఒక్క అక్షరమైనా ప్రతి పిల్లకూ అందాలి. సన్నకుట్టు తర్వాత ఎవరికి ఎంత వీలైతే అంత. సగం వచ్చిన చదువును కూడా ఆ పిల్ల వాడుకునేలా చూడాలి. పేరు రాయడం వస్తే పేరు రాయించాలి, అంగడి లెక్క వస్తే అంగడికి పంపాలి.

యువతకు కూడా ఇదే చెబుతాం. చదువు, పోటీ పరీక్ష, చేను, ఇల్లు, సంఘం పని, అన్నీ ఒకేసారి మీ చేతుల్లో ఉన్నాయి. ఒకటి ముగించి ఇంకొకటి పట్టుకోండి అని ఇక మేము చెప్పం. అంత తీరిక మన బతుకుల్లో లేదు. ఏ పని వెనుక ఏ మనిషి ఎదురుచూస్తున్నారో మాత్రం మరవకండి. ఆలస్యమవుతుంటే ఆ మాట వాళ్లతో చెప్పండి. ఈ రోజు ఈ పని ఆగితే ఎవరికి చలి వేస్తుందో చూసి వరుస పెట్టుకోండి.

వరద తీశాక ఇంటికి వెళ్తే మోకాలి లోతు బురద. ట్రంకుపెట్టెలో నీళ్లు నిలిచి ఉన్నాయి. బొంతను మూడుసార్లు ఉతికితే గానీ ఒండ్రు వదల్లేదు. పంచెల తెలుపు పోయింది. టాకాలు మాత్రం ఊడలేదు. ఆ చలికాలం రాకముందే సన్నకుట్టు పూర్తి చేసి ఇచ్చాం. పెద్దత్త ఇప్పటికీ అదే కప్పుకుంటోంది. పోయిన నెల ఒక అంచు చిరిగి మళ్లీ మా చేతికి వచ్చింది. ఇప్పుడు కూడా ఇంట్లో నాలుగు వేరే పనులు ఉన్నాయి, అంచు పని ఒక్క రోజులో కాదు. కానీ బొంత పెట్టెలోకి పోవడం లేదు. మధ్యాహ్నం జానెడు కుడతాం. పొద్దు గూకగానే సూది తీసేసి, దులిపి, ఆమె మంచం మీద వేసి వస్తాం.