విడుచుట ఎప్పుడు నేర్వవలెను?

త్యాగము సాధనకు ఫలమా, లేక పూర్వాంగమా అను ప్రశ్న మన తత్త్వవిచారమున చిరకాలముగా నలుగుచున్నదే. పూర్వపు నల్లగొండ మండలమునకు చెంది నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన ఫణిగిరి గుట్టపై మహాస్తూపమును, విహారముల శిథిలములను చూచునపుడు అది మరల తలయెత్తును. తెప్ప ఏఱు దాటుటకే గాని నెత్తిన మోయుటకు గాదని బుద్ధుడు చెప్పిన దృష్టాంతమును బట్టి, విడుచుట ఆవలి యొడ్డున చేయవలసిన పనిగా తోచును. కాని అట్టి విహారములలో వసించిన భిక్షువు మూడు చీవరములకును, ఒక భిక్షాపాత్రకును ఒడబడినది సాధన ముగిసిన పిదప గాదు, ఆరంభముననే.

ఈ రెండింటికిని పొంతన కుదుర్చు నిదర్శనము, ఇంజను లేని గ్లైడరును వించ్‌తో ఎగురవేయు పద్ధతిలో కలదు. మైదానపు ఆవలి కొసనున్న వించ్ డ్రమ్ము తిరుగుచు కిలోమీటరు పొడవు గల తీగను చుట్టుకొనుచుండగా, గ్లైడరు కొన్ని క్షణములలోనే నేల విడిచి పైకెక్కును; శిఖరమున తీగను వదలిన పిమ్మటనే దానికి స్వేచ్ఛ. అయినను పైలటు ఎడమచేయి తీగను వదలు పసుపుపచ్చ పిడిపై నుండవలసినది పరుగు మొదలు కాకముందే. ఒక రెక్క వాలి, సరిదిద్దుట సాధ్యము గాదని తోచెనా, అది నేల తాకకమునుపే తీగను విడువవలెను. పిడిని వెదకు వ్యవధి అచట లేదు. తగిన వేగము కూడువరకు ముక్కును నిటారుగా నెత్తరాదు. నడుమ తీగ తెగినచో వెంటనే ముక్కు దించి, వేగము మరల కూడిన పిదపనే తక్కిన యోచన. తీగకును గ్లైడరుకును నడుమ ఒక లంకెను బుద్ధిపూర్వకముగా బలహీనముగా నమర్తురు. లాగుడు మితిమీరినచో విమానమునకు హాని కలుగకమునుపే అది తెగును. బ్రిటిష్ గ్లైడింగ్ సంఘము 2005లో చేపట్టిన వించ్ భద్రతోద్యమము ఇట్టి నియమములనే పట్టుదలతో బోధింపగా ఘోరప్రమాదములు ఎంతయో తగ్గినవి.

విడుచుటకు సిద్ధపడినవాడు మనసారా పట్టుకొనలేడని కొందఱు శంకింపవచ్చును. అది సరికాదు. ఎప్పుడు విడువవలెనో ముందే నిశ్చయించుకొన్నవానికి ప్రతిక్షణమును సందేహముతో తర్కించు శ్రమ తప్పును గనుక, ఆరోహణమునందే అతని మనస్సు పూర్ణముగా లగ్నమగును. భిక్షువునకు వినయనియమము లంకె వంటిది. అది అతని ఆశయమును కుదింపలేదు, ఆశకు మాత్రమే హద్దు పెట్టినది.

లోకమున మనము త్యాగమును ముదిమికి వాయిదా వేసి, అంతవరకు పదవిని, ధనమును, మాటపట్టింపును గట్టిగా పట్టుకొందుము. కాని అభ్యాసము లేని చేయి అవసరపువేళ బిగియుటయే గాని సడలుట యెఱుగదు. కావున త్యాగము ఫలమగుటకు ముందు శిక్షణ కావలెను. ఎక్కదలచినవాడు మొదటి పాఠముగా నేర్వవలసినది అదియే.