హాజరు బహుమతి ఎవరిది?



మార్చి నెల వచ్చిందంటే మన చిన్న ప్రాథమిక పాఠశాలల్లో సందడి మొదలవుతుంది. ఒంటిపూట బడులు, చివరి పరీక్షలు, ఐదవ తరగతి పిల్లలకు వీడ్కోలు, ఒక సాయంత్రం వార్షికోత్సవం. ఏప్రిల్ 23తో బడి మూసి, జూన్ 12న తిరిగి తెరవడం మన రాష్ట్రంలో ఆనవాయితీ. ఆ లోగా షామియానా వేయాలి, మైకు సెట్టు తేవాలి, పాటలు నేర్పాలి, బహుమతులు కొనాలి. ఇద్దరు టీచర్లున్న బడిలో ఇదంతా ఎవరు చేస్తారో మీకు తెలుసు. (తపస్కాలంలో సినిమా పాటలకు నాట్యాలేమిటని నన్ను నిలదీసే పెద్దలున్నారు. సబబైన ప్రశ్నే. దానిని మరొక వారం చూద్దాం.)

ఈ వారం మీ ముందు పెట్టదలచినది ఒక స్టీలు గ్లాసు సంగతి. "నూరు శాతం హాజరు" అని పేరు చదివి, చప్పట్ల మధ్య పిల్లవాని చేతిలో పెట్టే ఆ గ్లాసు. దానిని ఇవ్వడం న్యాయమేనా? ఇంత చిన్న విషయానికి న్యాయం అనే పెద్ద మాట ఎందుకని నవ్వకండి. న్యాయం అనే మాట పిల్లలకు మొదట అర్థమయ్యేది న్యాయస్థానంలో కాదు, బడిలోనే. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అన్నది వాళ్లు మనకంటే నిశితంగా గమనిస్తారు.

యర్రగొండపాలెం వైపు రాని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇది నల్లమల అడవి అంచున ఉన్న మెట్ట ప్రాంతం. వాన నమ్మదగినది కాదు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న ధీమా లేదు, పడిన చోట ఫ్లోరైడు బాధ. కృష్ణా జలాలను కొండ కింద సొరంగాల గుండా ఇటు తేవాలని తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, రెండు సొరంగాల తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. శంకుస్థాపన నాడు ఒకటవ తరగతిలో ఉన్నవాడు ఆ వేళకు తన పిల్లలను బడికి పంపుతున్నాడు.

అందుచేత సంక్రాంతి దాటగానే ఇక్కడి పేద కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు కదులుతాయి. మేస్త్రి దగ్గర ముందుగా తీసుకున్న డబ్బు ఉంటుంది, వెళ్లక తప్పదు. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే పిల్లల్ని అప్పగిస్తారు. లేకపోతే పిల్లలు కూడా లారీ ఎక్కుతారు. చేను గట్టున పట్టా కప్పిన గుడారంలో మూడు నెలలు. అక్కడ ఎనిమిదేళ్ల అమ్మాయికి బడి ఉండదు, ఒళ్లో చంటి తమ్ముడు ఉంటాడు. కోతలు ముగిసి వారు ఊరు చేరేది ఎప్పుడనుకున్నారు? సరిగ్గా బడికి తాళం వేసే రోజుల్లో. వార్షికోత్సవం నాడు బహుమతి రాకపోవడం అటుంచి, ఆ షామియానాను కూడా వాళ్లు చూడరు.

ఇప్పుడు గ్లాసు సంగతికి వద్దాం. హాజరుకు బహుమతి ఇవ్వడం తెలివితక్కువ పని కాదు. దానికి పెద్ద వారి అండ ఉంది. ఫ్రాన్సు దేశంలో పేదపిల్లల బడులకు బాట వేసిన పునీత జాన్ బాప్తిస్ట్ డి లసాల్ 1719లో దేవుని సన్నిధి చేరారు. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఆయనను ఉపాధ్యాయులకు పాలక పునీతునిగా ప్రకటించారు. తన బడుల నడవడి కోసం ఆయన రాయించిన నియమావళిలో బహుమతులు మూడు రకాలు: భక్తికి, హాజరుకు, చదువులో నేర్పుకు. అన్నిటికంటె మంచి బహుమతి భక్తికి. తరువాతిది హాజరుకు. చదువులో నేర్పుకు ఇచ్చేది ఆ తరువాతే. ఈ వరుస చూస్తే మన బడులు తలకిందులుగా నడుస్తున్నాయని తెలుస్తుంది. మనం ఫస్టు ర్యాంకుకు పెద్ద షీల్డు ఇచ్చి, హాజరుకు గ్లాసుతో సరిపెడుతున్నాం.

ఆయన హాజరును నేర్పు కంటె పైన ఎందుకు పెట్టారు? కారణం ఆ వరుసలోనే కనబడుతుందని నా అభిప్రాయం. చురుకైన బుర్ర దేవుడిచ్చినది, పిల్లవాడు సంపాదించుకున్నది కాదు. పొద్దున్నే లేచి, చలిలోనూ ఎండలోనూ బడికి రావడం మాత్రం అతని ఇష్టం మీద, పట్టుదల మీద ఆధారపడుతుంది. క్రీస్తుకు పూర్వమే అరిస్టాటిల్ చెప్పినదీ ఇదే: మెప్పుగానీ నిందగానీ మనిషి తన ఇష్టంతో చేసిన పనులకే చెందుతాయి. బలవంతంగా జరిగినదానికి మనం జాలిపడతాం గాని నిందించం. అంటే బహుమతికి సూత్రం ఇది: పిల్లవాని చేతిలో ఉన్నదానికి ఇవ్వు, చేతిలో లేనిదానికి ఇవ్వకు.

సూత్రం బంగారం వంటిది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సూత్రాన్నే పట్టుకొని యర్రగొండపాలెం మండలంలో ఒక హాజరుపట్టీ తెరవండి. జనవరి నుండి కొన్ని పేర్లకు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు. అవి పిల్లల ఇష్టాన్ని కొలిచిన గుర్తులా, మేస్త్రి బయానాను కొలిచిన గుర్తులా? మన తెలుగులో దీనికి మూడు మాటలున్నాయి: రాలేదు, రాలేకపోయాడు, రానన్నాడు. మూడింటికీ అర్థం వేరు. హాజరుపట్టీకి ఒక్క మాటే తెలుసు.

పునీత తోమాసు అక్వినాస్ పక్షపాతం అనే పాపాన్ని విచారిస్తూ ఒక ఉదాహరణ ఇస్తారు. ఒకనికి చాలినంత విద్య ఉన్నందున బోధకుని పదవి ఇస్తే అది తగిన కారణం. అతడు ఫలానా మనిషి అనో, ధనవంతుడనో, బంధువనో ఇస్తే అది పక్షపాతం. మన టీచర్లు గ్లాసు ఇచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడరు, లెక్కే చూస్తారు. అయినా ఆ లెక్క వెనుక నిలబడి ఉన్నది తరచు రెండెకరాల తడిభూమో, తండ్రి ఉద్యోగమో, ఇంట్లో గట్టిగా ఉన్న నాయనమ్మో. తెలియకుండానే ఆ కుటుంబ పరిస్థితికి బహుమతి ఇస్తున్నాం. ఎవరికీ దురుద్దేశం లేదు, పక్షపాతం మాత్రం జరిగిపోతోంది.

ద్రాక్షతోట కూలీల ఉపమానంలో (మత్తయి 20వ అధ్యాయం) పొద్దుగూకే వేళ తోటలోకి వచ్చినవారిని సోమరులని మనం అనుకుంటాం. కథ మళ్లీ చదవండి. యజమాని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు, తమను ఎవరూ పనికి పిలవలేదని. వాళ్లు రానన్నవారు కారు, రాలేకపోయినవారు. ఐదు వచ్చినవానికీ, రెండు వచ్చినవానికీ యజమాని అక్షరం మార్చకుండా ఒకే మెప్పు ఇచ్చిన తలాంతుల ఉపమానం (మత్తయి 25) కూడా పక్కన పెట్టుకొని చదవండి. యజమాని సంపాదించిన మొత్తం చూడలేదు. ఎంత ఇస్తే ఎంత చేశాడన్నది చూశాడు.

"అలాగైతే ఫాదర్, ఏదీ పిల్లల చేతిలో ఉండదు కదా!" అని అడగవచ్చు. జ్ఞాపకశక్తి తల్లిదండ్రుల నుండి వచ్చింది, చదవాలన్న కోరిక ఇంటి వాతావరణం నుండి వచ్చింది, ఇక ఎవరిని మెచ్చుకోవాలి? ఈ వాదన చివరికంటా వెళ్తే మనిషికి స్వేచ్ఛే లేదన్న చోటికి చేరుతుంది. అక్కడికి మన విశ్వాసం మనలను వెళ్లనివ్వదు. తలాంతును గోతిలో పాతిపెట్టిన మూడవ సేవకుడు కూడా ఆ ఉపమానంలోనే ఉన్నాడు. సోమరితనం నిజంగా ఉంది. బడి పక్క వీధిలో ఉండి, కడుపునిండా తిని, సెల్‌ఫోను కోసం బడి ఎగ్గొట్టిన పిల్లవాణ్ణి నేనూ ఎరుగుదును. ప్రతివానికీ బహుమతి ఇచ్చేస్తే గొడవ వదులుతుందనుకోవడమూ పొరపాటే. అందరికీ ఇచ్చినదాన్ని పిల్లలు బహుమతి అనుకోరు, ప్రసాదం పంచినట్టే అనుకుంటారు.

ప్రతి పిల్లవానిలోనూ అతని చేతిలో ఉన్న భాగం కొంత ఉంది. అది ఎంతో లెక్క చెప్పదు, పిల్లవాణ్ణి ఎరిగిన మనిషే చెప్పగలడు. చిన్న బడి గొప్పతనం ఇక్కడే. పాతికమంది ఉన్న బడిలో టీచరుకు ప్రతి ఇంటి గడపా తెలుసు. ఎవరు రాలేకపోయారో, ఎవరు రానన్నారో ఆమె వేళ్ల మీద చెప్పగలదు. వెయ్యిమంది ఉన్న బడి శాతాన్ని నమ్ముకోక తప్పదు. చిన్న బడి కూడా శాతానికే దండం పెడితే, తనకున్న ఒక్క సంపదనూ పారేసుకున్నట్టే.

ప్రభుత్వానికి మాత్రం శాతం తప్పదు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకంలో సాయం అందాలంటే 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన పెట్టారు. పిల్లలు బడిలో నిలవాలన్నదే దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. అయితే మూడు నెలలు కోతలకు వెళ్లే ఇంటికి ఆ అంకె ఎంత దూరమో మీరే లెక్క వేయండి. ఇక తరగతి సంగతి. ఎనిమిదవ తరగతి వరకు ఎవరినీ ఆపరాదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది, 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతులకు కొంత సడలింపు వచ్చింది. కనుక మన పిల్లవాడు కూడికలు దాటకుండానే జూన్‌లో పై తరగతి బెంచీ మీద కూర్చుంటాడు. ఇది దయలా కనబడుతుంది. అతనికి రావలసిన మూడు నెలల పాఠం మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

అసలు సంగతి ఇదేనని నాకు తోస్తున్నది. బహుమతి కంటె ముందు బాకీ ఉంది. బాకీ తీర్చకుండా బహుమతులు పంచే ఇంటి యజమానిని మనం ఏమంటాం? ఇటలీలో లొరెంజో మిలాని అనే గురువు ఉండేవారు. 1954లో ఆయనను బార్బియానా అనే కొండపల్లెకు పంపారు. అక్కడ గురునివాసంలోనే రైతుల పిల్లలకు బడి పెట్టారు. సెలవు రోజన్నది లేకుండా నడిపారు. 1967లో ఆ పిల్లలే కలిసి ఒక టీచరుకు లేఖగా ఒక పుస్తకం రాశారు. బడులు తప్పించి పంపేస్తున్నది ఎవరి పిల్లలనో లెక్కలు తీసి చూపారు: అత్యధికులు పేద రైతుల పిల్లలే. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే ఆయన కన్నుమూశారు. ఏభై ఏళ్ల తరువాత, 2017 జూన్ 20న, పోపు ఫ్రాన్సిస్ గారు స్వయంగా ఆ కొండ ఎక్కి ఆయన సమాధి వద్ద ప్రార్థించారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యపై ఇచ్చిన ప్రకటన కూడా, ఈ లోక సంపద లేనివారిని, కుటుంబ ఆసరా లేనివారిని కథోలిక బడులు ప్రత్యేకంగా పట్టించుకోవాలని కోరింది.

మనకు బార్బియానా దాకా వెళ్లనవసరం లేదు. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న రాతి పలకలు మన మార్కాపురం నుండి వెళ్లినవే. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాక, పిల్లలను పనినుండి తప్పించే ప్రత్యేక పథకాలు పెట్టిన చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఒక పిల్లవాడు అ ఆలు రాసిన పలకను, బడికి వెళ్లని మరొక పిల్లవాడు నునుపు చేశాడన్నమాట. ఈ వేసవిలో మన ఇళ్లలో ఆవకాయ పెడతాం. జాడీలో పోసే ఆ కారం ఎవరి హాజరు ఖర్చుతో మన ఇంటికి వచ్చిందో ఆలోచించండి.

హాజరు బహుమతి తీసేయమంటారా అని టీచర్లు అడుగుతారు. వద్దు. జ్వరం తగ్గీ తగ్గకుండానే బడికి నడిచి వచ్చిన అమ్మాయి గ్లాసును లాక్కోమని నేనెలా చెబుతాను? కాకపోతే, ఆ అమ్మాయి నిలబడగలిగింది తల్లి ఆ ఏడు కోతలు మానుకొని ఊళ్లో ఉన్నందువల్లనైతే, తల్లిని కూడా వేదిక మీదికి పిలవండి. ఆమె వదులుకున్న కూలి సంగతి మైకులో చెప్పండి. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఒక్కరోజూ మానని వలస పిల్లల పేర్లు కూడా చదవండి. వాళ్లు అక్కడ లేకపోయినా చదవండి. గ్లాసును నాయనమ్మ అందుకుంటుంది.

ఇది వేదిక పని. బాకీ పని వేరే ఉంది. వలస కుటుంబాల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ నాటినుండి సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. సంక్రాంతికి కాదు, క్రిస్మసుకు ముందే ఉపదేశులు, సంఘ పెద్దలు ఇంటింటికీ తిరిగి ఎవరు వెళ్తున్నారో, పిల్లలను ఎక్కడ ఉంచుతారో అడిగితే, ఎం.ఇ.ఓ. గారి వద్దకు పేర్లతో వెళ్లవచ్చు. కొన్ని ఇళ్లకు కావలసింది హాస్టలు కూడా కాదు, ముసలమ్మకు తోడుగా సాయంత్రం ఒక పూట వంట చూసే పొరుగింటి క్రైస్తవ కుటుంబం.

ఈ ఏడు వెళ్లి వచ్చినవారు ఏప్రిల్ చివరికి ఊరు చేరతారు. అప్పటికి మన యువతీయువకులు ఇంటరు పరీక్షలు రాసి ఇంటిపట్టున ఉంటారు. ఎండ ముదరకముందు, ఏడు నుండి తొమ్మిది వరకు, గుడి వసారాలో రెండు గంటలు. చదవడం, కూడికలు, తీసివేతలు చాలు. మే నెల మరియమాత మాసం, ఎలాగూ సాయంత్రం జపమాలకు గుడి తెరుస్తాం, పొద్దున కూడా తెరవడానికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు. చదువు చెప్పడానికి ముందుకొచ్చేవారు మీ ఉపదేశిగారి దగ్గర పేర్లు రాయించండి. పిల్లల పేర్లు టీచర్లను అడిగితే బడి మూసేలోపు ఇస్తారు.