గుట్టు దోషమగునా?

దాఁపఱికము లేనివానికి భయమేల యని లోకులు తఱచుగా ననుచుందురు. అంతర్జాలమున మన జాడలను బట్టియిచ్చు కుకీలను గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడు చదువుకొన్నవారు సైతము ఈ మాటయే యనుట మేము వినుచున్నాము. ఇది యెంతవఱకు న్యాయమో విచారింతము.

కుకీ యనఁగా నొక చిన్న చీటి. మన మొక వెబ్‌సైటును తెఱచినప్పుడు, ఆ సైటువారు మన బ్రౌజరులో నొక గుర్తును వ్రాసి యుంచుదురు. మరల పోయినప్పుడు బ్రౌజరు దానిని వారికిఁ జూపును. 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు లూ మాంటుల్లి దీనిని కల్పించెను. అంగడిలో మన మేఱుకొన్న వస్తువుల పట్టిక చెదరకుండుట దాని తొలి ప్రయోజనములలో నొకటి. ఎఱిఁగిన వర్తకుఁడు మన పద్దును జ్ఞాపకముంచుకొనుట వంటి దిది, ఇందుఁ దప్పులేదు.

కాని యా పుటలోనే ప్రకటనల వ్యాపారియుఁ జోటు గొని, తన చీటిని గూడ మన బ్రౌజరులో నుంచును. వార్తల పుటలోను, వంటల పుటలోను, వైద్యుని పుటలోను వాఁడే యున్నచో, మూఁడుచోట్లకును వచ్చిన బ్రౌజ రొక్కటియే యని వానికిఁ దెలియును. పేరు తెలియ నక్కఱలేదు. నడక తెలిసినఁ జాలును.

మన యిండ్లలో నొక్క ఫోనును నలుగురు వాడుట కలదు. కోడలు తన వ్యాధిని నోరు విప్పి చెప్పుకొనలేక రాత్రివేళ దానిని గూర్చి చదువుకొన్న దనుకొందము. మఱునాఁడు మామగారు వార్తలు చూచుచుండఁగా నా మందుల ప్రకటనయే యెదుటికి రావచ్చును. ఆమె చేసిన దోషమేమి? స్నానపుగది తలుపు వేసికొనువారు నేరము చేయుటకై వేసికొందురా? గుట్టు మానమునకు సంబంధించినదే కాని పాపమునకు సంబంధించినది కాదు. 2017లో పుట్టస్వామిగారి వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును, గోప్యత ప్రాథమిక హక్కని యేకగ్రీవముగాఁ దీర్పు చెప్పిరి.

అంగీకారము నడిగియే చేయుచున్నాము గదా యని వ్యాపారు లందురు. అంగీకరించుట కొక్కమాఱు వ్రేలు మోపినఁ జాలును. నిరాకరించుటకుఁ బెక్కుమార్లు మోపవలయును. విసిగి యిచ్చిన మాట యంగీకార మగునా? ఫ్రాన్సు దేశపు అధికారులు 2022 జనవరిలో నీ కారణముననే గూగుల్ సంస్థలకు 15 కోట్ల యూరోల జరిమానాను ప్రకటించిరి.

ఇట్టి యన్యుల కుకీలను బ్రౌజరు అమరికలలో మనమే నిరోధింపవచ్చును. అది సులభము. అంతకంటెఁ గష్టమైన పని యింటిలోనే యున్నది. భార్యకు వచ్చిన యుత్తరమును విప్పి చదువు భర్తయు, కుమార్తె ఫోనును చాటుగా వెదకు తండ్రియు, వ్యాపారి తమ జాడ తీసెనని యాగ్రహించుట యే ముఖముతో? ఇంటివారి గుట్టును మన్నింపనివాఁడు తన గుట్టును మన్నింపుమని లోకము నడుగఁజాలఁడు.