మాసిన వన్నె, మిగిలిన సాక్ష్యం: పాత ఆయుధభాగాల పునరుద్ధరణలో ఒక నైతిక ప్రశ్న

కాలం చెరిపిన దానిని తిరిగి కల్పించినప్పుడు మనం వస్తువును ఉద్ధరిస్తున్నామా, లేక దాని సాక్ష్యాన్ని తుడిచివేస్తున్నామా? తాళపత్ర ప్రతుల పరిష్కరణలో మనకు చిరపరిచితమైన ఈ ప్రశ్న లోహపు పనిలోనూ అంతే తీవ్రంగా ఎదురవుతుంది. 19వ శతాబ్దపు అమెరికన్ తుపాకుల ఉక్కు భాగాలపై మాసిన వన్నెలను తిరిగి తెప్పించే పనిని ఉదాహరణగా గ్రహించి ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ చట్రంపై నీలం, గోధుమ, బూడిద వన్నెలు మబ్బుల వలె అల్లుకొని ఉండేవి. ఇవి పూసిన రంగులు కావు. కర్బనం తక్కువగా గల భాగాన్ని ఎముకల బొగ్గు, కట్టెబొగ్గుల నడుమ మూసలో పేర్చి, గాలి చొరకుండా మూసి, సుమారు 700–800 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. కర్బనం ఉపరితలంలోకి ఇంకుతుంది. ఆపై మూసలోని సమస్తాన్ని ఒక్కసారిగా నీటిలోకి దింపితే పైపొర గట్టిపడుతుంది. లోపలి లోహం పెళుసెక్కదు. ఆ క్షణంలోనే అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, మందంలోని తేడాలను బట్టి పలు వన్నెలుగా భాసిస్తుంది. పనివాడు, కొలిమి మారకపోయినా ఏ రెండు భాగాలపైనా ఒకే అల్లిక రాదు. అంటే ఈ వన్నె ఒక అలంకారం మాత్రమే కాదు, ఒక సంఘటన మిగిల్చిన జాడ.

ఎండ, చేతి రాపిడి ఈ పొరను క్రమంగా హరిస్తాయి. అయితే వన్నె పోయినంత మాత్రాన కాఠిన్యం పోదు. కనుక పునరుద్ధరణకు ఉపయోగాన్ని కారణంగా చూపడం సాధారణంగా చెల్లదు. అక్కడ కోరుతున్నది రూపాన్నే.

దీనికి పూర్వపక్షం బలమైనదే. నిర్మాత ఉద్దేశించినది వన్నెగల వస్తువు. మాసిన వస్తువు కాదు. నాటి ద్రవ్యాలతోనే, నాటి పద్ధతిలోనే వన్నె తెప్పిస్తే అది నిర్మాత పట్ల గౌరవమే కదా? మన ఆలయాల జీర్ణోద్ధరణను పుణ్యకార్యంగా భావించడం లేదా?

జీర్ణోద్ధరణలో ప్రధానం కొనసాగుతున్న అర్చన; శిల మారినా ఆ ప్రయోజనం నిలుస్తుంది. పాత ఆయుధం విలువ మాత్రం అది గతానికి సాక్షి కావడంలోనే ఉంది. పద్ధతిని మళ్ళీ ఆచరించవచ్చు. సంఘటనను మళ్ళీ రప్పించలేము. కొత్త వన్నె నేటి పనితనంగా సత్యం, 1873 నాటి సాక్ష్యంగా అసత్యం. దోషం నిప్పులో లేదు, మౌనంలో ఉంది. చేర్చిన భాగం మొత్తంతో పొసగాలనీ, అయినా మూలం నుండి వేరుగా గుర్తింపదగి ఉండాలనీ 1964 నాటి వెనిస్ చార్టర్ కట్టడాల విషయంలో నిర్దేశించింది.

ఈ ధర్మానికి మన సాహిత్యంలో అంతకంటె ప్రాచీనమైన నిదర్శనం ఉంది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన, ఆ కవితారీతి తోచేట్లు రచించి రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు; అయినా పర్వాంతంలో పూరించినది తానేనని తెలిపాడు. అనుకరణ, ఒప్పుకోలు అక్కడ ఒకదానికొకటి అడ్డురాలేదు.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఎఱ్ఱన ఖాళీలో రాశాడు. నన్నయ పద్యాలను గీకి వాటిపై రాయలేదు. లోహంపై కొత్త వన్నె తేవాలంటే ముందు ఉపరితలాన్ని సానపట్టాలి. ఆ సానలో అంచుల పదును, అచ్చు గుర్తుల స్పష్టత, మిగిలిన పాత వన్నె కూడా నశిస్తాయి. మళ్ళీ కాల్చి నీటిలో ముంచినప్పుడు భాగం వంకరపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి చేసిన పనిని చెప్పుకోవడం అవసరమే గాని, చాలదు. చెప్పినంత మాత్రాన చెరిపినది తిరిగి రాదు.

కనుక తుప్పు తినివేసి మూల ఉపరితలమే మిగలని భాగానికి, చేసిన పనిని శాశ్వతంగా నమోదు చేస్తూ, వన్నె తెప్పించడం సమర్థనీయం. చట్రం మూలల్లో రవ్వంత పాత నీలం మిగిలి ఉన్నా దానిని ముట్టకపోవడమే ధర్మం. శిథిల ప్రతిలో ఒక్క అక్షరం కనిపిస్తున్నా పరిష్కర్త దానిని కాదని తన ఊహను నిలపడు. గ్రంథపాతాన్ని గ్రంథపాతంగా చూపగల నిగ్రహం పండితునికి ఎంత అవసరమో, మాసిన ఉక్కును మాసినట్లే ఉంచగల నిగ్రహం పనివానికీ అంతే అవసరం.