కొంచెములో నమ్మకత్వము

ధ్యాన భాగములు: కీర్తన 15, లూకా 16:10



సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో గోల్ఫ్ ఆట చూచినవారు బహు కొద్దిమంది. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడవేయుటే ఆ ఆట. తక్కువ దెబ్బలతో ముగించినవారిదే గెలుపు. ఆ ఆటలో ఒక తెలుగు బిడ్డ చేసిన పని మన ధ్యానమునకు తగినది.

సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదు నుండి అమెరికాకు వలస వెళ్ళినవారు. ఆయన 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2020లో గోల్ఫ్‌ను వృత్తిగా చేపట్టి, 2023 సెప్టెంబరులో నాపాలో తన మొదటి పి.జి.ఏ. టూర్ విజయం పొందాడు.

2024 ఆగస్టు 31న అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడవ రోజు ఆట జరుగుతోంది. ఆయన బంతి ఇసుక గుంటలో పడింది. అక్కడ కొట్టేందుకు కర్రను వెనుకకు ఎత్తునపుడు ఇసుకను తాకరాదని నియమం. కొద్ది రేణువులు కదిలినట్లు ఆయనకు తోచింది. ఎవరూ వేలెత్తి చూపకముందే తానే చెప్పుకొన్నాడు. శిక్షగా రెండు దెబ్బలు కలిపారు. మరునాడు పోటీ ముగిసేసరికి, రెండవ స్థానం పొందిన కొలిన్ మోరికావాకు సరిగ్గా రెండు దెబ్బల వెనుక, మూడవవాడుగా నిలిచాడు. రెండవ బహుమానం 1 కోటి 25 లక్షల డాలర్లు, మూడవది 75 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకుంటే ఇద్దరూ సమానమై ఆ సొమ్మును చెరిసగం పంచుకొనేవారు. అనగా ఆ కొద్ది ఇసుకకు ఆయన చెల్లించిన వెల 25 లక్షల డాలర్లు!

ప్రియులారా, యథార్థత వలన ఆయన బహుమానం పెరగలేదు, తగ్గింది. దేవుని గుడారములో ఉండదగినవాడెవడని అడిగిన కీర్తనకారుడు కూడా నష్టమే రాదని చెప్పలేదు. నష్టం వచ్చినా మాట మీద నిలిచేవాడే అని చెప్పాడు.

మన పెద్దలు తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి ఇక్కడికి వచ్చారు. పైన అక్రమంగా నీరు లాగినపుడెల్లా చివరి ఆయకట్టు ఎండుతుంది. అర్ధరాత్రి తూము జానెడు ఎత్తితే ఎవరు చూస్తారు? కూలి లెక్కలో ఒక పూట తగ్గించి వ్రాస్తే, చదువురాని కన్నడ సహోదరి ఏమని అడుగుతుంది? కాటా దగ్గర అరకిలో మొగ్గితే ఎవరికి తెలుస్తుంది?

“పంట పోతే నా అప్పు ఎవరు తీరుస్తారు?” అని మీరు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నే. అయితే దిగువ పొలం వానికి కూడా అప్పు ఉన్నది, బిడ్డలున్నారు. కొంచెములో నమ్మకముగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మదగినవాడని ప్రభువు బోధించాడు. జానెడు నీరు, ఒక పూట కూలి, ఇవే మన ఇసుక రేణువులు. మన పాటలు అర్థం కానివారికి కూడా మన కాటా అర్థమవుతుంది.

ఈ వారమే, ఎవరూ అడుగకముందే, బాకీపడిన కూలి చెల్లించుదము. వంతు తప్పి పెట్టిన నీటిని గూర్చి దిగువ పొరుగువానితో మాట్లాడుదము. నష్టమును ఓర్చుకొను ధైర్యము ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.