జోస్యము తప్పినచో గురుత్వము తప్పునా?



మన గోదావరి సీమలో జంగమమూర్తి గృహమునకు వేంచేసినప్పుడు పాదపూజయు ప్రసాద స్వీకారమును ముగిసిన పిమ్మట గృహస్థు చేతులు జోడించి అడుగు ప్రశ్న యేది? "లింగపూజలో మనస్సు నిలుచుట లేదు, ఏమి చేయుదును?" అని యడుగువారు అరుదు. "అయ్యవారూ, ఈ యేడు వరద వస్తుందంటారా? అమ్మాయికి సంబంధం ఎప్పుడు కుదురుతుంది? అబ్బాయి ఉద్యోగం మాటేమిటి?" అని యడుగువారే పెక్కుమంది. అడిగినవారి ఆతురతను చూచి, ఏదో యొకటి చెప్పకున్న చిన్నబోవుదురని మేమును చెప్పుచుందుము. ఇట్లు మీరు అడుగుటయు, మేము చెప్పుటయు ఒక ఆచారమైపోయినది.

ఇటీవల రాజమహేంద్రవరమున ప్రవచనము ముగిసిన తరువాత చదువుకొన్న యువకుడొకడు లేచి, "స్వామీ! ఒక పీఠముగాని, ఒక భక్తసమాజముగాని ఇట్లు జరుగునని ముందుగా చెప్పి, అది జరుగకపోయినచో, వారు చెప్పిన తక్కిన ధర్మము మాత్రము నమ్మదగినదెట్లగును?" అని ప్రశ్నించెను. సభలో కొందరు అతనిని కూర్చుండుమని గదమాయించిరి. అది గదమాయింపదగిన ప్రశ్న కాదు, ప్రతి మఠమును ప్రతి కుటుంబమును తమను తాము వేసికొనవలసిన ప్రశ్న. ఆనాడు పొద్దుపోయినందున సంగ్రహముగా చెప్పినదానిని ఇచ్చట కొంత విస్తరించుచున్నాను.

ఇతరుల యింటి కప్పును చూచుటకు ముందు మన యింటి కప్పును చూచుకొనుట న్యాయము. కాలజ్ఞానమనునది మన వీరశైవ వాఙ్మయమునందును గలదు. శరణుల పేర వెలసిన కాలజ్ఞాన వచనములు కన్నడమున పెక్కులున్నవి. 16వ శతాబ్దిలో విరూపాక్ష పండితుడు రచించిన చన్నబసవ పురాణమున వీరవసంతరాయలు రాగలడనియు, పాడుపడిన కళ్యాణము మరల వెలుగొందుననియు భవిష్యము చెప్పబడినది. మన తెలుగునాట పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి కాలజ్ఞానమునందును వీరభోగ వసంతరాయల రాకయే ప్రధానమైన ఆశ. శతాబ్దములు గడచినవి. కళ్యాణ పట్టణము నేటికిని బీదరు జిల్లాలో నున్నది, యాత్రికులు పోయి వచ్చుచున్నారు. రాయలు మాత్రము రాలేదు.

ఇచ్చట నొక సూక్ష్మమును గమనింపుడు. కాలజ్ఞానములలో కాలమును ప్రభవాది సంవత్సర నామములతో చెప్పుట పరిపాటి. ఆ నామములు అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చును. ఒక ఆవృత్తిలో మాట తప్పినచో, "చెప్పినది ఈ ఆవృత్తి కాదు, రాబోవునది" యని సర్దుకొనవచ్చును. అరువది యేండ్లకు అడిగినవాడును ఉండడు, చెప్పినవాడును ఉండడు.

పెద్దలకు 1962 జ్ఞాపకముండును. ప్లవనామ సంవత్సర పుష్య బహుళ అమావాస్య నాటికి, ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు, మకరరాశిలో కేతువుతో కూడ ఎనిమిది గ్రహములు చేరినవి. అష్టగ్రహ కూటమి వలన ప్రళయమో, మహోపద్రవమో తప్పదని దేశమంతట జ్యోతిష్కులు చాటిరి. హోమములు, శాంతులు, అఖండ నామసంకీర్తనలు జరిగినవి. ఆ మూడు దినములును గడచిపోయినవి. సూర్యుడు యథాప్రకారముగా ఉదయించెను. అప్పుడు చెప్పినవారేమనిరి? "మా హోమముల వలననే ఉపద్రవము తొలగినది" అనిరి. ఆ యేడు అక్టోబరులో చైనా యుద్ధము రాగా, "ఇదియే ఆ కూటమి ఫలము" అనినవారును గలరు. తొలగినదన్నను వారిదే జయము, వచ్చినదన్నను వారిదే జయము!

మరియొక ఉదాహరణము మన కాలమునకును మన నేలకును దగ్గరిది. పుట్టపర్తి సత్యసాయిబాబావారు తాము తొంబది యారేండ్లు శరీరముతో నుందుమని చెప్పిరని భక్తలోకమున ప్రసిద్ధి. 2011 ఏప్రిల్ 24న, ఎనుబది నాలుగేండ్ల ప్రాయమున వారు దేహము చాలించిరి. భక్తులు మిక్కిలి కలతపడిరి. చంద్రగతిని బట్టి లెక్కించినచో తొంబది యారు సరిపోవునని కొందరు సమాధానపడిరి. ఆ లెక్కతో నాకు పని లేదు. వారి ట్రస్టు ఉభయ గోదావరి జిల్లాల మెట్ట, మన్య గ్రామములకు త్రాగునీటి పథకములను కట్టించి యిచ్చిన సంగతి మీరెరుగుదురు. కొళాయి యొద్ద బిందె నింపుకొను ఆ యిల్లాలికి తొంబది యారో, ఎనుబది నాలుగో అక్కరలేదు. సంఖ్య తప్పినంత మాత్రమున నీరు చేదు కాలేదు. అట్లే నీరు తీయనిదైనంత మాత్రమున తప్పిన సంఖ్య ఒప్పును కాదు. ఈ రెంటిని వేరు వేరుగా తూచుటయే వివేకము.

ఇది భారతదేశమునకు మాత్రమే పరిమితమైన జాడ్యము కాదు. అమెరికాలో విలియం మిల్లరు అను క్రైస్తవ బోధకుని అనుయాయులు 1844 అక్టోబరు 22న క్రీస్తు పునరాగమనము జరుగునని నమ్మి వేచియుండిరి. ఆ దినమును గడచినది. అంతకు ముందు చెప్పిన గడువు తప్పినప్పుడే మిల్లరు తన పొరపాటును ఒప్పుకొని యుండెను. అనుయాయులలో కొందరు మాత్రము తేదీ సరియైనదేయనియు, జరుగవలసినది పరలోకమున జరిగినదనియు వ్యాఖ్యానించిరి.

కావున దేశమేదైనను, మతమేదైనను, మాట తప్పినప్పుడు మనుష్యుడు దాగుకొను చోట్లు మూడే. మా ప్రార్థనచే తొలగినది యనుట ఒకటి. లెక్క వేరు యనుట రెండు. కంటికి కనబడక జరిగినది యనుట మూడు. ఈ మూటిలో దేనినైనను తప్పని నిరూపింపగలవాడు లేడు. అదియే వాని బలము, అదియే వాని లోపము. ఏ విధముగను తప్పు కాజాలని మాట ఏ విధముగను ఒప్పు కాజాలదు.

ఇక మన ఆచార్యుల త్రోవ యెట్టిదో చూతము. మల్లికార్జున పండితారాధ్యులు మన ద్రాక్షారామ క్షేత్రమున జన్మించిన మహనీయులు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వారి జీవితమును గానము చేసెను. పండితారాధ్యులకు బసవేశ్వరుని దర్శింపవలెనని మిక్కిలి ఆకాంక్ష. శిష్యులతో కూడి కళ్యాణమునకు పయనమైరి. మార్గమధ్యమున బసవేశ్వరుడు లింగైక్యము చెందెనను వార్త చెవిని బడినది. వారు దుఃఖించిరి. ఆ దర్శనము వారికి కలుగనే లేదు.

ఆలోచింపుడు. అంతటి ఆచార్యునకు బసవేశ్వరుని అంత్యము ముందుగా తెలియలేదు. తెలిసియున్నచో ఇంకను ముందే బయలుదేరి యుండెడివారు కదా! సోమనాథుడు ఈ సంగతిని దాచలేదు. "పండితయ్యకు సర్వము తెలియును, తెలియనట్లు నటించెను" అని కప్పిపుచ్చుకొనవలసిన అవసరము ఆ కవికి తోచలేదు. ఏలయన పండితారాధ్యుల గురుత్వము భవిష్యమును ఎరుగుటపై నిలిచినది కాదు. వారి శివనిష్ఠపై, వారి ఆచారముపై నిలిచినది. తెలియనిది తెలియకపోవుట వారి మహత్త్వమునకు మచ్చ కాలేదు.

బసవేశ్వరుని చరిత్రము ఇంతకంటె స్పష్టము. కళ్యాణమున మధువయ్య కుమార్తెకును హరళయ్య కుమారునకును వివాహము జరిగినది. బ్రాహ్మణ కులమున పుట్టినవాడును చర్మకార కులమున పుట్టినవాడును లింగధారణచే సమానులైరి గనుక ఆ వియ్యము ధర్మమని శరణులు భావించిరి. ఫలమేమి? బిజ్జలుని ఆజ్ఞచే ఆ తండ్రులిరువురును ఘోరదండనకు గురియైరి. కళ్యాణము అల్లకల్లోలమైనది, శరణులు చెల్లాచెదరైరి. జరుగబోవు దానిని సరిగా చెప్పుటయే గురుత్వమునకు కొలత యైనచో, ఆ కొలతలో కళ్యాణము ఓడినట్లే. కాని ఎనిమిదివందల యేండ్లకు పిమ్మటను మనము ఆ వివాహమును తలచి తల వంచుచున్నాము. అది ఫలము నెరిగి చేసిన పని కాదు, ధర్మమని యెరిగి చేసిన పని. శివుని తలచిన దినమే శుభదినమనియు, భక్తునకు తారాబల చంద్రబలములతో పని లేదనియు బసవేశ్వరుడు బోధించిన మార్గమునకు ఇది నడిచి చూపిన ఉదాహరణము.

మన మార్గమున గురువు చేయు పని యేది? శిష్యుని అరచేత ఇష్టలింగము నుంచుట, అరివును మేల్కొల్పుట, ఆచారమును నేర్పుట. గురువు చేత నుంచునది లింగము, పంచాంగము కాదు. కాయకము శుద్ధమైనదా, దాసోహము నిర్మలమైనదా, మాటకును నడతకును పొత్తు గలదా యని శిష్యుడు గురువును పరీక్షింపవచ్చును. ఆ పరీక్షకు రేపటి దినము వరకు వేచియుండ నక్కరలేదు, నేడే చేయవచ్చును.

అట్లయిన తప్పిన జోస్యము లెక్కలోనికి రాదా? వచ్చును. "నాకు తోచినది" యని చెప్పి తప్పినవాడు పొరబడినవాడు. "శివుడు నాకు చెప్పినాడు" అని చెప్పి తప్పినవాడు శివుని నామమును తన మాటకు జామీను పెట్టినవాడు. అట్టివాడు తన తప్పును ఒప్పుకొననంత వరకు అతడు చెప్పు ఇతర అగోచర విషయములను సందేహించుట శిష్యుని అపరాధము కాదు, అతని బాధ్యత.

మనము నిత్యము చూచు ధవళేశ్వరము బ్యారేజీ నుండి ఒక పాఠము నేర్వవచ్చును. పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండవది, పదునేడు లక్షలకు మూడవది యెగురవేయుదురు. పైన భద్రాచలము వద్ద నీటిమట్టమును కొలిచి, క్రిందనున్న లంక గ్రామములకు తెలుపుదురు. 1986 ఆగష్టులో ముప్పది యైదు లక్షలకు పైబడి నీరు వచ్చినది. ఆ హెచ్చరికయు రేపటిని గూర్చిన మాటయే. అయినను దానికిని జోస్యమునకును భేదము గలదు. అచ్చట కొలబద్ద అందరికిని కనబడును. అంచనా తప్పినచో మరుసటి గంటకు దిద్దుకొందురు. దిద్దుకొనుట వలన ఆ కార్యాలయము గౌరవము తగ్గలేదు, పెరిగినది. దిద్దుకొనువాని మాటను విని లంకవాసి పశువులను తోలుకొని గట్టు ఎక్కును.

ఇక నా స్వంత అపరాధమును చెప్పక ఈ ప్రసంగమును ముగించుట న్యాయము కాదు. చాల యేండ్ల క్రిందట కాలువ యొడ్డున గల ఒక పల్లెలో భక్తుని భార్య జబ్బుపడినది. వారు నన్నడిగిరి. నేను విభూతి పెట్టి, "శివరాత్రి వెళ్ళేసరికి లేచి తిరుగుతుంది, భయపడకండి" అంటిని. అది ఊరడింపు మాట. వారు దానిని శివవాక్యముగా గ్రహించి, కాకినాడ పెద్దాసుపత్రికి పోవు ప్రయాణమును మానుకొనిరి. శివరాత్రికి పది దినముల ముందే ఆమె లింగైక్యము చెందినది.

సమాధి జరిగిన మూడవ దినమున నేను వెళ్ళితిని. త్రోవ పొడవునను సమాధానము కూర్చుకొంటిని. శివరాత్రికి ముందే శివుడు తన కడకు పిలుచుకొనెనని చెప్పుదునని నిశ్చయించుకొంటిని. వాకిట కూర్చున్న ముసలి అత్తగారు నన్ను చూచి, "అయ్యవారూ, మీకు తెలిసి చెప్పారా, మమ్మల్ని ఊరడించడానికి చెప్పారా?" అని యడిగినది. కూర్చుకొన్న మాట నోట రాలేదు. "తెలియక చెప్పాను తల్లీ" అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ ముక్క అప్పుడే చెబితే పెద్దాసుపత్రికి తీసుకుపోయేవాళ్ళం కదయ్యా" అన్నది.

ఆ మాటకు నేటికిని నాయొద్ద ఉత్తరువు లేదు. కొన్ని యేండ్లకు ఆ యింటి పిల్లవానికి లింగధారణ చేయుటకు వారే నన్ను మరల పిలిచిరి. ఆ ముసలమ్మ, "అయ్యవారూ, వీడికి జాతకం చెప్పకండి. లింగాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పండి, చాలు" అన్నది. గురువు పని యేదో నాకు బోధించినది ఆ తల్లియే. నేను తప్పు నొప్పుకొనక ఆనాడు కూర్చుకొన్న మాటనే చెప్పియున్నచో, ఆ యింటి గుమ్మము నాకు తెరచియుండెడిదేమో కాని, అందులో గురువుగా అడుగు పెట్టు యోగ్యత నాకుండెడిది కాదు.

కావున ఆ యువకునకు నా సమాధానమిది. జోస్యము తప్పినంత మాత్రమున గురుత్వము తప్పదు. తప్పిన జోస్యమును కప్పిపుచ్చినప్పుడు గురుత్వము తప్పును. జోస్యమునే పునాదిగా చేసికొని కట్టిన గురుత్వమో, అది తప్పుటకు మొదటి నుండియు లేనే లేదు.

మఠాధిపతులకును జంగమమూర్తులకును నా విన్నపము: తెలియని దానిని తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. చెప్పి తప్పినచో, చెప్పిన సభలోనే ఒప్పుకొనుడు. గృహస్థులకు నా విన్నపము: జ్వరము వచ్చినప్పుడు వైద్యుని యొద్దకు పొండు, వరద హెచ్చరిక వచ్చినప్పుడు గట్టు ఎక్కుడు. జంగమము ఇంటికి వచ్చినప్పుడు రేపటి మాట యడుగక, నేటి నడత నడుగుడు. మీరు అడుగుట మానినచో మేము చెప్పుటయు మానుదుము. అడుగువారును చెప్పువారును కలిసి చేసిన తప్పును ఇరువురును కలిసియే దిద్దుకొనవలెను.

అరచేతి లింగము రేపటిని గూర్చి యేమియు పలుకదు. నేడు నిన్ను చూచుచున్నది. ఆ చూపునకు తగినట్లు నడచుకొనుటయే శరణ మార్గము.

ఓం నమశ్శివాయ. శరణు శరణార్థులు.